పక్క ఊరి జిమ్మీ

శనివారం. ఉదయం నుంచి సన్నని జల్లు. బట్టలు ఉతికి ఇంట్లోనే ఆరవేశాను. వారానికి సరిపడా కందిపొడి కొట్టి సీసాకెత్తాను. బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం రేపటికి వాయిదా పడింది. మూడు గంటలకు కాస్త ముందు, అమ్మ పంపిన అరిసెల డబ్బా పట్టుకుని పక్కింటికి వెళ్లాను.

పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. పుట్టి పెరిగింది ఇక్కడే, ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో, డీప్‌డేల్ ఫుట్‌బాల్ స్టేడియానికి నాలుగు వీధుల అవతల. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్రెస్టన్ నార్త్ ఎండ్ బయట ఊళ్లో ఆడే శనివారాల్లో ఆయన వయసు స్నేహితులు ఇద్దరు వచ్చి ఆ వంటగదిలో కూర్చుంటారు. టీవీ జోలికి పోరు. బల్ల మీద రేడియో, చుట్టూ టీ కప్పులు. ఇంగ్లండ్‌లో లీగు మొదలైన 1888-89లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మొదటి విజేతగా నిలిచింది తమ జట్టేనని నాకు ఎన్నిసార్లు చెప్పారో! చెప్పిన ప్రతిసారీ వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి, నాకు వినాలనే ఉంటుంది.

ఈ రోజు రేడియోలో మాట్లాడుతున్న విశ్లేషకుడు ఊపిరి తీసుకోవడం లేదు. బంతి ఎక్కడుందో తెలియదు, ఆయన మాత్రం ఆగడు. విసిగిపోయిన ఒక పెద్దాయన, "జిమ్మీ ఉంటే ఈపాటికి నాలుగు ముక్కల్లో తేల్చేసేవాడు" అన్నారు. మిగిలిన ఇద్దరూ తలలూపారు. ఆ జిమ్మీ ఎవరని అడిగాను. జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ అన్నారు. ఏ జట్టు అని అడిగితే జవాబు రావడానికి కొంచెం సేపు పట్టింది. బ్లాక్‌పూల్.

ఆ ఇంట్లో బ్లాక్‌పూల్ పేరు ఎలా పలుకుతారో నాకు తెలుసు. సుమారు 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీరపు ఊరు. బీచిలో పిల్లల్ని గాడిదల మీద తిప్పే ఊరు కాబట్టి ఆ జట్టు అభిమానులకు ఇక్కడివాళ్లు పెట్టిన పేరు కూడా గాడిదల్ని బాదేవాళ్లనే. 1970 ఏప్రిల్‌లో ఇదే డీప్‌డేల్‌లో బ్లాక్‌పూల్ 3-0తో గెలిచి అన్నిటికన్నా పైదైన మొదటి డివిజన్‌కు ఎక్కింది. మూడు గోల్సూ ఫ్రెడ్ పికరింగ్‌వే. ప్రెస్టన్ ఆ సీజన్‌లోనే చరిత్రలో మొదటిసారి మూడో డివిజన్‌కు పడిపోయింది. ఆ రాత్రి స్టేడియంలో నిలబడి ఆ మూడు గోల్సూ కళ్లారా చూసిన మనిషి మా పక్కింటాయన. ఇన్నేళ్లయినా పికరింగ్ పేరు చెబితే కప్పు కింద పెట్టేస్తారు. అలాంటి మనిషి బ్లాక్‌పూల్ కెప్టెన్‌ను ఇంట్లో వాడిలా జిమ్మీ అని పిలుస్తున్నారు.

తర్వాత మ్యాచ్ సగం మరుగున పడింది. ముగ్గురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పుకొచ్చారు. ఆర్మ్‌ఫీల్డ్ బ్లాక్‌పూల్‌కు తప్ప మరో క్లబ్బుకు ఆడలేదు. 1954 నుంచి 1971 వరకు, అన్ని పోటీల్లో కలిపి 627 మ్యాచ్‌లు. ఇంగ్లండ్‌కు 43, అందులో 15 సార్లు కెప్టెన్. 1962 చిలీ ప్రపంచకప్ నాటికి ప్రపంచంలోనే మేటి రైట్‌బ్యాక్, అంటే కుడివైపు రక్షణ ఆటగాడు, అని పేరు. ఆయన బ్లాక్‌పూల్‌లో అడుగుపెట్టినప్పుడు కుడి అంచున ముందుండి ఆడేది పేరుమోసిన స్టాన్లీ మాథ్యూస్. రక్షణలో ఉండాల్సిన కుర్రవాడు మాథ్యూస్‌ను దాటుకుని గీత వెంబడి ముందుకు పరుగెత్తడం అప్పట్లో కొత్త. ఈ రోజు ప్రతి జట్టులోనూ ఫుల్‌బ్యాక్ చేసే పనే అది, కానీ అప్పుడు చూసిన పెద్దలు తల పట్టుకునేవారట. 1966లో ఇంగ్లండ్ కప్పు గెలిచినప్పుడు జట్టు జాబితాలో ఉండి కూడా ఒక్క మ్యాచ్ ఆడలేకపోయారు. ఆడనివాళ్ల చేతికి పతకం అందడానికి 2009 దాకా పట్టింది. ఈ మాట చెప్పేటప్పుడు వాళ్లకు వచ్చిన కోపం సొంత జట్టు ఆటగాడికి అన్యాయం జరిగితే వచ్చే కోపమే.

మేనేజరుగా బోల్టన్‌లో పని చేయడం, మేనేజరుగా వచ్చిన బ్రయాన్ క్లఫ్ 44 రోజులకే వెళ్లిపోయాక లీడ్స్ జట్టును చేతిలోకి తీసుకుని 1975లో యూరోపియన్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లడం, అక్కడ బయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడిపోవడం, ఇవన్నీ రెండు మాటల్లో దాటేశారు. వాళ్లకు కావలసింది ఆ తర్వాతి ముప్పై ఏళ్లు. అప్పటి నుంచి ఆయన బీబీసీ రేడియో మనిషి. శనివారం మధ్యాహ్నాల్లో, వారం మధ్య రాత్రుల్లో, వాళ్ల వంటగదుల్లోకి వచ్చిన లాంకషైర్ గొంతు.

ఏమిటి అంత ప్రత్యేకత అని నేను పట్టుబట్టి అడిగాను. ఒకాయన అన్నది ఇది: గోలు పడితే అందరూ కొట్టినవాడి గురించి మాట్లాడతారు. జిమ్మీ మాత్రం, బంతి అక్కడికి చేరకముందే ఎవరు రెండడుగులు తప్పుగా నిలబడ్డారో చెప్పేవాడు. చెప్పి ఆ కుర్రవాణ్ని తిట్టేవాడు కాదు. అక్కడ నిలబడడం ఎంత కష్టమో తెలిసిన మనిషి మాట అది. కేక లేదు, తొందర లేదు, తన ఆట రోజుల గొప్పలు లేవు. ఎవరు ఆడుతున్నా ఆయన మాటలో ఏ రంగు చొక్కా కనపడేది కాదని ఇంకొకాయన అన్నారు. బ్లాక్‌పూల్ నారింజ రంగును ద్వేషిస్తూ పెరిగిన మనిషి నోట ఇంతకు మించిన ప్రశంస ఉంటుందని నేను అనుకోను.

నాకు వెంటనే మా నాన్న ట్రాన్సిస్టర్ గుర్తుకొచ్చింది. తెలుగులో క్రికెట్ వ్యాఖ్యానం వచ్చే రోజుల్లో ముఖం చూడని గొంతులతో నాన్నకు చుట్టరికం ఉండేది. ముఖం చూడకపోవడం వల్లనే ఆ చుట్టరికం గట్టిపడిందేమో. రేడియో ముందు కూర్చున్నవాడు ఆ గొంతును నమ్మి తీరాలి, వేరే దారి లేదు. ముప్పై ఏళ్లు ఆ నమ్మకాన్ని పోగొట్టుకోకపోవడం ఎంత పెద్ద పని!

ఫిన్నీ పేరు రావడంతో నాకు ఇంకొంచెం అర్థమైంది. టామ్ ఫిన్నీ అంటే ప్రెస్టన్‌కు దేవుడు. ఆయన కూడా ఒక్క క్లబ్బు మనిషే, పైపుల పని చేసుకుంటూ ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌లు ఆడారు. ఆట మానింది 1960లో. అంటే 50ల చివరి ఏళ్లలో ఈ రెండు ఊళ్ల జట్లు తలపడే డర్బీ మ్యాచ్‌ల్లో అటు జిమ్మీ, ఇటు ఫిన్నీ. ఫిన్నీ ఎడమవైపుకు జరిగినప్పుడల్లా ఎదురుపడేది రైట్‌బ్యాకే. మా పక్కింటాయన లెక్క ప్రకారం, ఫిన్నీ ఎంతటివాడో ఒళ్లు నొప్పులతో సహా తెలిసిన మనిషి పరాయివాడు కాలేడు. ఫిన్నీ 2014లో పోయారు, ఆర్మ్‌ఫీల్డ్ 2018 జనవరి 22న. ఆ తరం డర్బీల గురించి మాట్లాడడానికి ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. ఈ ముగ్గురి దిగులులో ఈ లెక్క కూడా ఉంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2007 సంగతి. ఆయనకు క్యాన్సర్ వచ్చింది గొంతులో. గొంతుతో బతికే మనిషికి అక్కడే రావడమా అనిపించింది. చికిత్స తీసుకుని కోలుకుని మళ్లీ రేడియోకు వచ్చారు. తిరిగి ఆ గొంతు వినపడిన రోజున మా పక్కింటాయన కారు పక్కకు ఆపేసి కూర్చుండిపోయారట. డబ్బు, పేరు, పదవి ఏదీ ఇవ్వలేనిది అదే కదా, తనకు తెలియని ఊరి రోడ్డు మీద ఒక మనిషి తనకోసం కారు ఆపడం.

సొంత ఊళ్లో ఆయన చర్చిలో ఆర్గన్ కూడా వాయించేవారట. 2011లో స్టేడియం బయట విగ్రహం పెట్టారు, ఒక స్టాండుకు ఆయన పేరుంది. ఆ విగ్రహం ఎలా ఉంటుందని అడిగితే ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఒక్కరూ చూడలేదు. డర్బీకి తప్ప అటువైపు వెళ్లే అలవాటే లేదు. నేను తీసుకెళ్తానన్నాను. మొదట వద్దన్నారు, తర్వాత వాన లేకపోతే చూద్దామన్నారు, రెండో కప్పు టీ అయ్యేసరికి వచ్చే ఆదివారం అని ఒప్పుకున్నారు. మా పక్కింటాయన మాత్రం ఒక షరతు పెట్టారు. మెడలో ప్రెస్టన్ స్కార్ఫు ఉంటుంది, తీయమంటే తీయరు. తీయమని జిమ్మీ కూడా అనడని నేను అన్నాను. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. అరిసెల డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను.