ఎనిమిదేళ్ల పాత కారు కొంటే ఏది నిలబడుద్ది: స్విఫ్టా, పోలోనా, ఎటియోసా?

సెకండ్ హ్యాండ్ కారు గురించి ఎవర్ని అడిగినా ఒకటే జవాబు, "కళ్లు మూస్కొని మారుతీ తీస్కో బాసూ". తప్పు జవాబేం కాదు గానీ అది సగం జవాబే. బండి రోజూ సతాయించకుండా తిరగడం వేరు, పదిహేనేళ్లు గట్టిగా నిలవడం వేరు, ఈ రెండూ ఒకే బండిలో ఉండాలని రూలేం లేదు. చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ బండ్లు చూసిపెట్టడానికి విజయవాడ ఆటోనగర్ షెడ్లలో కూర్చొని కూర్చొని నాకు అర్థమైందేంటంటే, పేరు పక్కనపెట్టి మూడే అడగాలి: ఇందులో ముందు పోయేది ఏంటి, పోతే ఎంతవుద్ది, మన ఊళ్లో దాన్ని చేసేవాడున్నాడా.

ఇప్పుడు మా బామ్మర్దికి డీజిల్ కారు కావాలి, వాడి లిస్టులో మారుతీ స్విఫ్ట్, వోక్స్‌వ్యాగన్ పోలో ఉన్నాయి, టొయోటా ఎటియోస్ నేను ఇరికించా. "బావా అది ట్యాక్సీ బండి కదా" అన్నాడు వెంటనే. దాని సంగతి తర్వాత చెప్తా, ముందు స్విఫ్ట్.

స్విఫ్ట్‌లో 2007 నుంచి వచ్చిన 1.3 డీడీఐఎస్ డీజిల్ ఇంజన్ అసలు ఫియట్‌ది, వాళ్లు పెట్టుకున్న పేరు మల్టీజెట్, 1248 సీసీ. అదే ఇంజన్ డిజైర్‌లో ఉంది, రిట్జ్‌లో ఉంది, ఎర్టిగాలో, సియాజ్‌లో, టాటా విస్టాలో, మాంజాలో, ఫియట్ పుంటోలో, లీనియాలో, ఇంకెక్కడ లేదో చెప్పడమే తేలిక. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ రూల్స్ రావడంతో మారుతీ డీజిల్ మానేసింది, అయినా ఈ ఇంజన్ విప్పి బిగించినోడు ప్రతి మండలంలోనూ ఒకడు దొరుకుతాడు. ఇక్కడే నాకు భలే అనిపించే విషయం ఒకటుంది. లీనియాలోనూ అదే ఇంజన్ కదా, పైగా దాని బాడీ స్విఫ్ట్ కంటే బరువు, డోర్ వేస్తే చప్పుడే వేరు, మరి సెకండ్స్‌లో దాన్ని అడిగే నాథుడే లేడు. ఎందుకంటే ఇంజన్ సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ హెడ్‌లైట్ పగిలితేనో, పవర్ విండో మోటర్ పోతేనో, బంపర్ క్లిప్పులు విరిగితేనో బండి వారాల తరబడి షెడ్లోనే. బండిని మూలకి కూర్చోబెట్టేది చాలాసార్లు ఇంజన్ కాదండీ, చిన్న ప్లాస్టిక్ ముక్క.

అలాగని స్విఫ్ట్‌కి రోగాల్లేవని కాదు. ఆయిల్ టైముకి మార్చకపోతే టైమింగ్ చైన్ (అదేంటో తర్వాత చెప్తా) సాగుద్ది, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ముందు వైపు నుంచి గలగలమంటది. ఈజీఆర్‌లో, అంటే కొంత పొగని మళ్లీ ఇంజన్లోకి పంపే వాల్వులో, మసి పడుద్ది, పికప్ చస్తది. మన రోడ్ల మీద సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు పోవడం మామూలే. రేకు పల్చన, ఆటో తగిలినా సొట్ట. ఇవన్నీ జేబుకి దెబ్బే కానీ ప్రాణం మీదకి వచ్చే ఖర్చులు కావు.

పోలో దీనికి పూర్తిగా రివర్స్. మన దేశంలో 2010 నుంచి 2022 దాకా అమ్మారు. బాడీ నిజంగా గట్టిది, 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఎయిర్‌బ్యాగులున్న పోలోకి నాలుగు స్టార్లొచ్చాయి, అదే ఏడాది ఎయిర్‌బ్యాగుల్లేని స్విఫ్ట్‌కి సున్నా. హైవే మీద 110లో కూడా నేలకి అతుక్కున్నట్టు పోద్ది, నడపడానికి ఏ బండి కావాలని నన్నడిగితే కళ్లు మూసుకొని ఇదే అంటా. కానీ సొంత డబ్బులతో పాతది కొనమంటే మాన్యువల్ మాత్రమే. పెట్రోల్ పోలోలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డ్రై క్లచ్ టైపు, అంటే క్లచ్‌ని చల్లబరిచే ఆయిల్ ఉండదు, ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతే వేడెక్కుద్ది, ఆ గేర్లని నడిపించే మెకట్రానిక్స్ యూనిట్ పోయిందంటే బిల్లు వేలల్లో కాదు లక్షల్లో మాట్లాడుద్ది. అది చేసేవాడు హైదరాబాద్‌లో దొరకొచ్చు, నర్సరావుపేటలో బండి ఆగితే ఏం చేస్తావ్ అనడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. మా వాడికి కావాల్సిన డీజిల్ పోలో ఎలాగూ మాన్యువలే.

ఇక ఎటియోస్. 2010 చివర్లో వచ్చింది, 2020లో ఆపేశారు. డాష్‌బోర్డు మధ్యలో మీటరు, లోపలంతా చవక ప్లాస్టిక్, అందం గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద. కానీ 1.4 డీ4డీ డీజిల్ గానీ 1.5 పెట్రోల్ గానీ రెండిటికీ చైనే, రెండూ ఒత్తిడి లేకుండా తిరిగే ఇంజన్లు, ట్యాక్సీవాళ్లు రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిప్పి అమ్ముకుంటున్నారంటే ఊరికే కాదు. ట్యాక్సీ అనే ముద్ర పడడం వల్లే రేటు తక్కువ, అదే టొయోటా బ్యాడ్జ్ ఇన్నోవా మీద ఉంటే పాత బండికి కూడా కొత్త బండంత బిల్డప్ ఇస్తారు. ఇన్నోవా గొప్పదే, ఎవడు కాదన్నాడు, కాకపోతే దాని నమ్మకం మొత్తాన్ని అమ్మేవాడు ముందే రేటులో కలిపేసి వసూలు చేసేస్తాడు, కొనేవాడికి మిగిలేదేం లేదు. నా లెక్కలో ఎటియోసే బేరం. ఒక్కటి జాగ్రత్త, కొన్ని బండ్లు ఎల్లో ప్లేట్ తీసేసి వైట్ ప్లేట్‌కి మార్చినవి ఉంటాయి. ఆర్సీ పాత హిస్టరీ అడగండి, బంపర్ అంచుల్లో, డిక్కీ మూత లోపల పాత పెయింట్ కనిపిస్తుందేమో చూడండి.

ఇందాక చైన్ చైన్ అన్నా కదా, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాత కారులో వేలతో పోయేదాన్ని లక్షకి తీసుకెళ్లేది ఇదే. ఇంజన్లో పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా టైముకి కదిలించేది టైమింగ్ బెల్టో చైనో. బెల్ట్ అంటే రబ్బరు, నడుస్తూ నడుస్తూ తెగితే డీజిల్ ఇంజన్లో పిస్టన్లు పోయి వాల్వులకి కొట్టుకుంటాయి, హెడ్డు దించాల్సిందే. మల్టీజెట్‌కి చైన్, హ్యుందాయ్ 1.4, 1.6 సీఆర్‌డీఐ డీజిల్ ఇంజన్లకి చైన్, 2008 తర్వాతి హోండా సిటీ పెట్రోల్‌కి చైన్. డీజిల్ ఇంజన్లలోనే రెనో డస్టర్‌లో 1.5 డీసీఐకి బెల్ట్, ఫోర్డ్ 1.5 టీడీసీఐకి బెల్ట్, పోలో 1.5 టీడీఐకి బెల్ట్, పాత ఇన్నోవా 2.5కి కూడా బెల్టే, తర్వాతి మోడల్ ఇన్నోవా క్రిస్టాకొచ్చాక చైన్ అయింది. హ్యుందాయ్ ఐ10లో అయితే తమాషా, 1.1 ఇంజన్‌కి బెల్ట్, 1.2 కప్పా ఇంజన్‌కి చైన్, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

బెల్ట్ బండి కొనొద్దని కాదు నేననేది, డస్టర్ లాంటి సస్పెన్షన్ ఆ రేటులో ఇంకెవడిస్తాడు. మార్చిన బిల్లు చూపించమనండి, లేదంటే మార్చే ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఇంకో మాట, రబ్బరుకి కిలోమీటర్లే కాదు వయసు కూడా లెక్కే. "పదేళ్లలో నలభై వేలే తిరిగింది సార్, డాక్టర్ గారి బండి" అని బ్రోకర్ చెప్పగానే పొంగిపోకండి (అమ్మే ప్రతి బండీ డాక్టర్ గారిదే ఎందుకవుద్దో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు), తిరక్కుండా నిలబడిన బండికి బెల్టు, కూలెంట్ పైపులు, టైర్లు, ఇంజన్ మౌంటింగ్‌లు అన్నీ కూర్చున్న చోటే ముసలైపోతాయి.

ఆ నలభై వేలు నిజమా కాదా అన్నది ఇంకో గోల. మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో నిమిషాల పని. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తా, డ్రైవర్ సీటు కుడి అంచు నలిగిపోయి ఉంటే ఆ బండి నలభై వేలు తిరిగింది కాదు. టైరు మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని, బండి ఏడాదితో పోల్చుకోండి. అద్దాల మీద కూడా తయారీ గుర్తులుంటాయి, ఒక్క డోరు అద్దం మాత్రమే వేరే ఏడాదిదైతే ఆ వైపు ఏదో జరిగింది.

మేం తీసుకెళ్లే మేస్త్రి చూసే పద్ధతి వేరే. బండి చల్లగా ఉన్నప్పుడే రావాలంటాడు, ముందే స్టార్ట్ చేసి వేడిగా పెట్టారంటే అక్కడే అనుమానం. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత విప్పి పైన బోర్లా పెడతాడు, అది కాస్త వణికితే పర్లేదు, పొగతో పాటు ఎగిరి పడితే "బోరుకొచ్చింది, పదండి" అంటాడు, అంటే ఇంజన్ లోపల అరిగిపోయిందని, ఇంక ఏసీ కూడా వేసి చూడడు. మూత లోపల తెల్లగా పేస్టులా ఉంటే ఆయిల్లో నీళ్లు చేరుతున్నట్టు. తర్వాత బానెట్, ఫెండర్ బోల్టుల తలలు చూస్తాడు, పానా పడిన చోట పెయింట్ లేచిపోయుంటే ఆ భాగం విప్పారన్నమాట.

2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బండ్లు ఎలా మునిగాయో మా ఊరోళ్లందరూ చూశారు. 2020 అక్టోబర్లో హైదరాబాద్, 2015 డిసెంబర్లో చెన్నై కూడా అంతే. మునిగిన బండి కడిగి, షాంపూ పట్టించి, సీట్ కవర్లేసి పెడితే కొత్త పెళ్లికూతురులా ఉంటది, వైరింగ్ జాయింట్లలో తుప్పు మాత్రం నెలల తర్వాత బయటపడుద్ది, ఒకరోజు లైట్లు, ఇంకోరోజు పవర్ స్టీరింగ్. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, లోపల చుట్టుకున్న భాగంలో బురద చార ఉంటది, అది కడగడం ఎవరికీ గుర్తుండదు. స్టెప్నీ గుంటలో ఇసుక, కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులకి తుప్పు, ఇవీ చూడాలి. వైజాగ్, కాకినాడ బండ్లకి ఉప్పు గాలి తుప్పు వేరే, అది ఎక్కువ సైలెన్సర్ దగ్గర, డోర్ల కింద అంచుల్లో కనిపిస్తది.

ఢిల్లీ బండ్ల గురించి చాలామంది అడుగుతున్నారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది, దాంతో అక్కడి డీజిల్ బండ్లు చవగ్గా ఇటొచ్చాయి. బండిలో తప్పేం ఉండక్కర్లేదు, కానీ అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవకలో చాలావరకు ఎగిరిపోద్ది, లెక్కేసుకొని దిగండి.

చివరిగా, డీజిలా పెట్రోలా అన్నది రోజూ తిరిగే దూరాన్ని బట్టి. బీఎస్6 డీజిల్ అయితే పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటది, ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిప్పితే మసి కాలక జామవుద్ది, అప్పుడప్పుడు హైవే మీద తోలాల్సిందే. పాత పెట్రోల్ బండి కొనేవాళ్లు ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) సంగతి గుర్తుపెట్టుకోండి, 2023 ఏప్రిల్‌కి ముందు బండ్లలో చాలావాటికి రబ్బరు సామాన్లు అంత ఇథనాల్‌ని లెక్కలోకి తీసుకొని చేసినవి కావు. బండి తెచ్చిన వారంలోనే ఫ్యూయల్ పైపులు, ఇంజెక్టర్ ఓ రింగులు ఒకసారి చూపించి, గట్టిపడినవి ఏమైనా ఉంటే మార్పించేయండి.