మూడు యంత్రాల మీద విశాఖ ఓటు

2024 మే 13న జరిగిన ఎన్నికల్లో విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి 33 మంది పోటీ చేశారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 వరుసలే పడతాయి కాబట్టి, నోటాతో కలిపి 34 వరుసల కోసం ఒక్క పార్లమెంటు ఓటుకే మూడు యూనిట్లు పక్కపక్కన పెట్టవలసి వచ్చింది. మా పోలింగ్ కేంద్రంలో నా ముందున్న పెద్దావిడ వాటిని దూరం నుంచే చూసి, "మూడింట్లోనూ నొక్కాలా బాబూ?" అని అడిగారు. "కాదమ్మా, మూడింటికీ కలిపి ఒక్క మీటే నొక్కాలి. అసెంబ్లీ ఓటు ఆ పక్కన వేరే ఉంది" అని అధికారి ఓపికగా చెప్పారు.

ఇంతమంది బరిలో ఉన్నప్పుడు మన ఊళ్లో తప్పక వినిపించే మాట ఒకటుంది: గెలవని వాడికి వేస్తే ఓటు వృథా. ఈ మాటను నేను ఒప్పుకోలేను. అందుకు మన విశాఖ ఫలితాలే నాకు ఆధారం.

2014లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకున్న భారతీయ జనతా పార్టీ తరఫున కంభంపాటి హరిబాబు ఇక్కడ గెలిచారు. 2019లో ఆ పొత్తు లేదు. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణ కేవలం 4,414 ఓట్ల తేడాతో తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్‌పై గెలవగా, జనసేన నుంచి పోటీ చేసిన వి.వి. లక్ష్మీనారాయణ రెండు లక్షల ఎనభై వేలకు పైగా ఓట్లు తెచ్చుకుని మూడో స్థానంలో నిలిచారు. ఒంటరిగా దిగిన బీజేపీకి డిపాజిట్ కూడా దక్కలేదు. సిట్టింగ్ స్థానంలో ఆ పరిస్థితి! పోలైన ఓట్లలో సగం కూడా రాకపోయినా అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, గెలిచినట్టే అన్న మన పద్ధతిలో బహుముఖ పోటీ ఏం చేస్తుందో ఆ ఏడాది కళ్లకు కట్టింది.

మరి జనసేనకు పడిన ఆ లక్షల ఓట్లు వృథా అయ్యాయా? నా దృష్టిలో కాలేదు. ఆ ఓట్లు అంకెలుగా నమోదయ్యాయి కాబట్టే 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ ఒక్కటి కావలసిన అవసరం పార్టీలకు అర్థమైంది. ఆ పొత్తుతో అదే శ్రీభరత్ బొత్స ఝాన్సీపై ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. గాలి మారిందన్నదీ నిజమే, కానీ లెక్క మారిందన్నది అంతకన్నా పెద్ద నిజం.

తొలి ఇద్దరిని మినహాయిస్తే మిగిలిన 31 మందికీ డిపాజిట్ పోయింది. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాని అభ్యర్థి కట్టిన 25,000 రూపాయలు తిరిగి రావు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ మొత్తం 12,500. ఉక్కు కర్మాగారం భవిష్యత్తే ప్రశ్నగా మారిన ఈ నగరంలో, ఆ సొమ్ము పోతుందని తెలిసీ నిలబడే చిన్న పార్టీల వారిని ఎగతాళి చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఏ ఓటూ వృథా కాక అంకెగా ఎలా నిలిచిందో మీరే చూడవచ్చు: ఎన్నికల సంఘం ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. 2019, 2024 పట్టికలను పక్కపక్కన పెట్టుకుని మీ కేంద్రం వరుస చదవండి. కేంద్రాల సంఖ్యలు మారుతుంటాయి కనుక ముందుగా కేంద్రం ఉన్న బడి పేరుతో సరిచూసుకోండి.