కబడ్డీ ఫొటోలు: తొమ్మిదో నెల లెక్క

సంక్రాంతి పోటీల్లో మొదలుపెట్టాను. దసరా నాటికి పద్నాలుగు టోర్నీలు, చేతికొచ్చింది 31,500. లెన్సు ఖరీదు అంతకు రెట్టింపు. ఇంట్లో సగమే చెప్పాను.

కెమెరా కెనాన్ 90డి. లెన్సు సెకండ్‌హ్యాండ్ 70-200 ఎఫ్/2.8 జూమ్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది). అంతకుముందు ఎఫ్/4తో నెట్టుకొచ్చా. పగటి మ్యాచ్‌లకి దానికేం వంక పెట్టలేం. కానీ మావైపు ఫైనల్స్ అన్నీ రాత్రి పదకొండు దాటాకే. ఫ్లడ్‌లైట్ల కింద షట్టర్ సెకనులో 1/800 వంతుకి పెడితే ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు పెంచే అంకె) 12800కి పోయేది, మొహాలమీద ఇసక చల్లినట్టు గ్రెయిన్. ఇప్పుడదే 6400లో వస్తోంది. 1/500కి దిగితే కాలు పట్టిన చెయ్యి అలుక్కుపోతుంది, అందుకని దిగను.

లెన్సు కంటే ఎక్కువ తేడా తెచ్చింది కూర్చునే చోటు. మొదట్లో స్కోరర్ బల్ల పక్కన కూర్చునేవాణ్ణి, అన్నీ పక్క మొహాలే. ఇప్పుడు ఎండ్‌లైన్ వెనక నేలమీద చతికిలబడుతున్నా. కూతకొచ్చినవాడు నేరుగా నావైపే వస్తాడు, డిఫెండర్ల కాళ్ళ సందుల్లోంచి వాడి కళ్ళు దొరుకుతాయి. చిక్కేంటంటే కూత ఒకటి ఇటు, ఒకటి అటు. అటు పోయినప్పుడు నాకు వీపులే. హాఫ్‌టైమ్‌లో జట్లు వైపులు మారతాయి కాబట్టి కదలకుండా కూర్చుంటే ముందు సగం ఒక జట్టు రైడర్లు, తర్వాత రెండోవాళ్ళు వస్తారు. డబ్బిచ్చేది ఒక్క జట్టే అయితే వాళ్ళతోపాటు మనమూ లేచి వైపు మారాలి. ఇది నాకు ఆరో నెలలో వెలిగింది, నవ్వకండి.

కోర్టు మొత్తం 13 మీటర్లే. నా ముందే పట్టు పడితే 70 ఎంఎం‌లో ఒక మోచెయ్యి, ఒక చెవి. అందుకే పాత కెమెరాకి దగ్గరివి పట్టే 18-55 లెన్సు తగిలించి ఒళ్ళో ఉంచుకుంటున్నా.

లైట్ల మిణుకు ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు గానీ వరసగా పది కొడితే మూడు చీకటి, రెండు పచ్చన. మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే వెలుగు ఎక్కువున్న క్షణం చూసి కొడుతుంది, వేగం కాస్త తగ్గుతుంది. జనరేటర్ మీద ఆడించిన రాత్రి అదీ తడబడింది.

మ్యాచ్‌కి ముందే టీమ్ షీటు ఫోన్‌లో ఫొటో తీసుకుంటా. బనీన్లు మార్చేసుకుంటారు, అందుకని నంబరు నమ్మకుండా పేరు అడగాలి. పేర్లు లేకపోతే ఎంత మంచి ఫొటో అయినా పేపరువాళ్ళకి పనికిరాదు. పేర్లన్నీ రాసిచ్చినా ఒక పత్రిక నా పేరు లేకుండా వేసింది. డబ్బడిగితే "పబ్లిసిటీ వచ్చిందిగా" అన్నారు. అప్పట్నుంచి ముందు పంపేది 1200 పిక్సెళ్ళ చిన్న కాపీ, మధ్యలో వాటర్‌మార్కుతో.

కప్పు పట్టుకున్న ఫొటోలే అమ్ముడవుతాయనుకున్నా. దసరా రాత్రి తీసిన ఒకదాన్లో రైడర్ నోట్లో మట్టి, చాచిన వేళ్ళు మధ్యగీతకి బెత్తెడు ఇవతల ఆగాయి. దాన్ని ఆ కుర్రాడు కొన్నాడు, వాణ్ణి పట్టుకున్న నలుగురూ విడివిడిగా కొన్నారు. ఫొటోకి వంద.

ప్రో కబడ్డీలో ఆడే తెలుగు టైటాన్స్ మ్యాచ్‌కి పాస్ అడగాలని ఉంది. చూపించడానికి ఇరవై ఫొటోలైనా పెట్టుకుందామని కూర్చుని ఏరాను. పన్నెండు నిలిచాయి.