అమ్మమ్మ పప్పుచారు వివాదాస్పదమా?

మా అమ్మాయికి పదకొండేళ్లు, ఇక్కడ కెనడాలో, అంటారియో రాష్ట్రంలో ఆరో క్లాసు. ఈమధ్య దాని నోట్లో ఒకటే మాట, కాంట్రవర్షియల్. సాక్సులతో పడుకోవడం కాంట్రవర్షియల్, పెరుగన్నంలో కెచప్ కాంట్రవర్షియల్ (ఇది మాత్రం నిజమే). స్కూల్లో డిబేట్ పెట్టారంట, పిజ్జా మీద పైనాపిల్ ఉండొచ్చా కూడదా అని. ఆ హవాయియన్ పిజ్జా పుట్టిందే మా అంటారియోలో, 1962లో చాతమ్ ఊళ్లో శామ్ పనొపొలస్ అనే గ్రీకు ఆయన రెస్టారెంట్లో. 2017లో ఐస్‌లాండ్ ప్రెసిడెంట్ స్కూలు పిల్లలతో కుదిరితే దాన్ని బ్యాన్ చేసేవాణ్ణి అనేసి, రచ్చ అయ్యాక నాకంత పవర్ లేదులెండి అని ఫేస్‌బుక్‌లో రాసుకోవాల్సొచ్చింది.

తెలుగులో ఏమంటారమ్మా అంటే గొప్పగా వివాదాస్పదం అని చెప్పా. వివాదం అంటే తగువు, ఆస్పదం అంటే చోటు, అనుమానాస్పదం, హాస్యాస్పదం కూడా ఇలాంటివే అని విడగొట్టి మరీ చెప్పా. ఆదివారం వీడియో కాల్‌లో "అమ్మమ్మా, నీ పప్పుచారులో బెల్లం వివాదాస్పదం" అనేసింది. మా అమ్మ మొహం మాడిపోయింది, "ఏమే, నా వంట గురించి పిల్లకి ఏం నూరిపోస్తున్నావు" అని నా మీద పడింది.

ఆవిణ్ణీ అనలేం, ఆ మాట ఆవిడ వినేదంతా టీవీలోనే కదా, వివాదాస్పద వ్యాఖ్యలు, వివాదాస్పద భూమి, అంటే ఎవరో నోరు జారారు లేదా పొలం కోర్టులో ఉంది అని. నిజానికి కాంట్రవర్షియల్ అన్నంత మాత్రాన తప్పని కాదు, జనం అటూ ఇటూ చీలి గట్టిగా వాదించుకుంటున్నారు అంతే, అదీ నలుగురిలో. ఇంట్లో నీ ఒక్కదానికి బెల్లం నచ్చకపోతే అది పేచీ తల్లీ అన్నా. మరి కంటెన్షస్ అంటే? అంది. దాదాపు అదేగానీ మనుషులకి కూడా వాడతారు, ప్రతిదానికీ తగువేసుకునేవాళ్లని, మనం పేచీకోరు అంటాం చూడు అన్నా. వెంటనే వాళ్ల నాన్న వైపు చూసింది.

మొన్న మళ్లీ కాల్. ఆవిడ ఊరుకుందా, విజయవాడలో తన అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందర్నీ అడిగొచ్చిందట, ముగ్గురు బెల్లం వేస్తామన్నారంట, ఇద్దరు ఛీ అన్నారంట, కింద ఫ్లాటావిడైతే లిఫ్ట్ దగ్గర అరగంట వాదించిందంట. మా పిల్ల చప్పట్లు కొట్టి "అమ్మా, ఇప్పుడు అనొచ్చు కదా!" అంది.