ఆరు నెలల తాతయ్యలు

"అమ్మా, తాతయ్యలు ఆరు నెలలే ఉంటారా?" అని అడిగింది రెండో తరగతి చదివే మా పాప. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళను తప్ప పెద్దవాళ్ళను మా వీధిలో అది చూడనే లేదు. ఆ వీధిని ఏరికోరి ఎంచుకున్నది మేమే.

మాది అమెరికాలో, అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ. 1912లో ఇక్కడి నల్లజాతి వాళ్ళను, వెయ్యిమందికి పైనే, ఇళ్ళూ పొలాలూ వదిలించి తరిమేశారు. 1987 జనవరిలో ఇక్కడి కమ్మింగ్ ఊళ్ళో దాదాపు 20 వేలమంది జాతివివక్షకు వ్యతిరేకంగా ఊరేగింపు తీసింది ఆ గడ్డమీదే. ఇప్పుడు కౌంటీ దక్షిణాన కొన్ని సబ్‌డివిజన్లలో, అంటే బిల్డర్లు కట్టిన కాలనీల్లో, ఏ గుమ్మం చూసినా తోరణమే. మనం ఎవరినీ వెళ్ళగొట్టలేదు, నిజమే. కానీ బిల్డర్ ఒక ఫేజ్‌లో ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే ధరకు అమ్ముతాడు. స్కూల్ రేటింగూ, ఈస్ట్ ఫేసింగ్ లాటూ చూసుకుని, వాట్సాప్‌లో ఒకరికొకరు చెప్పుకుని కొంటాం. తీరా చూస్తే అందరికీ నలభై ఏళ్ళు, అందరిదీ ఐటీ. రిటైరైన టీచరూ స్కూల్ బస్సు డ్రైవరూ ఆ ధర అందుకోలేరు.

ఇంకా కొననివాళ్ళు పాతికేళ్ళు దాటిన కాలనీల్లో రీసేల్ ఇళ్ళు కూడా చూడండి. మొదట కొన్నవాళ్ళు కొందరు అక్కడే ముసలివాళ్ళయి ఉంటారు. మామూలు రోజు పొద్దున పదింటికి ఒకసారి, స్కూల్ బస్సు వచ్చే వేళకు ఒకసారి వెళ్ళి వీధిలో నడవండి. రూఫు, ఏసీ, వాటర్ హీటర్ వయసు ఇన్‌స్పెక్షన్‌లో తప్పకుండా అడగండి, మూడూ ఒకేసారి మార్చాల్సి వస్తే బడ్జెట్ తలకిందులవుతుంది. స్కూల్ రేటింగ్ అంకెలో పరీక్ష మార్కుల వాటా పెద్దది, ఆ మార్కులు చాలావరకు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి నడుస్తాయి. పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్ళారో చెప్పే గ్రోత్ స్కోరు వేరే ఉంటుంది, అది చూడండి.

కొనేసినవాళ్ళు పిల్లల్ని కౌంటీ పార్కుల సాకర్ లీగ్‌లో చేర్పించండి. కొన్ని లీగుల ఫారంలో ఏ ఫ్రెండ్‌తో ఒకే టీంలో ఉండాలో రాసే గడి ఉంటుంది. అక్కడ మనమంతా ఒకరి పిల్లల పేర్లు ఒకరం రాస్తాం, టీం మళ్ళీ మన వీధే అవుతుంది. ఆ గడి ఖాళీగా వదలండి. కార్‌పూల్ దొరకదు, ప్రాక్టీసుకీ మ్యాచ్‌కీ మీరే దింపాలి. పోయిన సీజన్‌లో ఆ బద్ధకంతోనే మేమూ పేరు రాసేశాం. తప్పు చేశామని ఇప్పటికీ అనిపిస్తుంది.

అయినా అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే మొహమాటం లేకుండా తలుపు కొట్టగలిగేది ఈ వీధిలోనే. మా అమ్మ వచ్చినప్పుడు సాయంత్రం నడకకు తోడు దొరికేదీ ఇక్కడే. రీసేల్ ఇళ్ళు రెండు చూసొచ్చాం. ఆఫర్ మాత్రం ఇంకా పెట్టలేదు.