ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్ దాకా: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో నా అనుభవం

లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు, అంటే ఎల్‌వీఎన్ అనే మాట అమెరికా మొత్తంలో కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రాల్లోనే వాడతారు. మిగతాచోట్ల ఇదే పని చేసేవాళ్లని ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) అంటారు. నేను గుంటూరులో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక ఫ్రీమాంట్ వచ్చి, హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసామీద ఉన్నవాళ్లకిచ్చే పని అనుమతి) చేతికొచ్చాక ఇక్కడే ఎల్‌వీఎన్ కోర్సు చేశాను. కాలిఫోర్నియాలో దానికి కనీసం 1,530 గంటల శిక్షణ ఉండాలి. అందులో 954 గంటలు క్లినికల్‌కే పోతాయి. అది ముగించి, ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే లైసెన్సు పరీక్ష రాసి, ఒక స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో చేరాను. ఆపరేషన్ తర్వాత కోలుకునేవాళ్లూ, ఇంట్లో చూసుకోవడం కుదరని పెద్దవాళ్లూ ఉండే చోటది. మందుల బండి తోసుకుంటూ గది గదికీ తిరగడం, షుగర్ చూసి ఇన్సులిన్ ఇవ్వడం, పుండ్లకు డ్రెస్సింగ్, ట్యూబ్ ఫీడింగ్. షిఫ్టు ఎలా గడిచిపోయేదో తెలిసేది కాదు.

రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్‌ఎన్ చదువుతానంటే మా అత్తయ్యగారు అడిగారు, "ఇప్పుడూ నర్సువే కదమ్మా, చదివాక కూడా నర్సువేగా?" న్యాయమైన ప్రశ్నే. ఐవీ సర్టిఫికెట్ ఉన్న ఎల్‌వీఎన్ సెలైన్ ఎక్కించవచ్చు గానీ నరంలోకి మందు ఇంజెక్షన్ చెయ్యకూడదు. కొత్తగా చేరిన పేషెంటును మొదట పూర్తిగా పరీక్షించి, ఏం చెయ్యాలో నిర్ణయించాల్సింది ఆర్‌ఎన్. మేము చూసినవి రాసి పెట్టాలి, పైవాళ్లకు చెప్పాలి. పెద్ద ఆసుపత్రుల్లో మాకు ఉద్యోగాలు కూడా బాగా తక్కువ. ఇదంతా విని ఆవిడ, "అయితే జీతం పెరుగుతుందన్నమాట" అన్నారు. అదీ నిజమే.

ఎల్‌వీఎన్‌లకు కాలిఫోర్నియాలో ఓ దగ్గరి దారి ఉంది. దాన్ని 30 యూనిట్ల ఆప్షన్ అంటారు. ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కొన్ని నర్సింగ్ సబ్జెక్టులు, అన్నీ కలిపి 30 యూనిట్లకు మించకుండా చదివి నేరుగా ఆర్‌ఎన్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ రాయొచ్చు. డిగ్రీ మాత్రం రాదు. ఆ లైసెన్సును వేరే రాష్ట్రాలు ఒప్పుకోకపోవచ్చు. తర్వాత డిగ్రీ తెచ్చుకున్నా ఆ హోదా మారదు. మా ఆయనది ఐటీ ఉద్యోగం. రేపు డల్లాస్ పొమ్మంటే పోవాలి. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని ఆ దారి వద్దనుకున్నాం. ఈ ఊరు వదలం అని గట్టిగా తెలిసినవాళ్లకు అది మంచిదే కావచ్చు, మన వీసా బతుకులకు మాత్రం కాదని నా అభిప్రాయం. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకే వెళ్లాను.

డిగ్రీ అనగానే ముందు ప్రీరిక్విజిట్లు, అంటే నర్సింగ్‌లో చేరేముందే పూర్తి చెయ్యాల్సిన సబ్జెక్టులు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మూడూ ల్యాబ్‌తో, ఇంగ్లిష్ కాంపోజిషన్, సైకాలజీ, స్పీచ్. నా బీఎస్సీ మార్కుల లిస్టును ఇక్కడి సంస్థతో మదింపు చేయిస్తే జనరల్ సబ్జెక్టులు కొన్ని తప్పాయి. సైన్సు మాత్రం ఇక్కడే చదవాలన్నారు. ఫీజుకు భయపడక్కర్లేదు. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, నాలుగు యూనిట్ల అనాటమీకి 184. ప్రైవేటు కాలేజీల ఫీజులతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. అసలు కష్టం సీటు దొరకడం. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ తెరవగానే క్లాసు నిండిపోతుంది. వెయిట్‌లిస్టులో పేరుంటే మొదటిరోజు ల్యాబు గుమ్మం దగ్గర నిలబడాలి. రానివాళ్ల పేర్లు కొట్టేసి, ప్రొఫెసర్ మిగిలినవాళ్లకు క్లాసులో చేరడానికి యాడ్ కోడ్లు ఇస్తారు. నాకలాగే దొరికింది.

అనాటమీ ప్రాక్టికల్ గురించి కాస్త చెప్పాలి. బల్లలమీద ఎముకలు పరిచి, వాటికి అంకె రాసిన చిన్న జెండాలు గుచ్చి పెడతారు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కరు. గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి, రాయడం అయినా కాకపోయినా. జెండా ఎముకమీద ఉందా, ఎముకలోని కన్నంమీద ఉందా అన్నది చూసుకోవాలి. కన్నానికి ఓ పేరు, అంచుకు ఇంకో పేరు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. ఇంటర్ బైపీసీలో బట్టీ పట్టిన అలవాటు ఇక్కడ బ్రహ్మాండంగా పనికొచ్చింది. బట్టీ చదువును ఎవరైనా తిడితే నేను కాస్త మెల్లగా తిట్టమంటాను.

ఆ తర్వాత నర్సింగ్ ప్రవేశాలకు పెట్టే టీస్ పరీక్ష. రీడింగ్, లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్, మొత్తం 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో 62 శాతం వస్తే పాస్. కానీ పాస్ చాలదు, చాలా కాలేజీలు పాయింట్లు లెక్కేస్తాయి. గ్రేడ్లకు ఇన్ని, టీస్‌కు ఇన్ని, ఆరోగ్యరంగంలో చేసిన పనికి ఇన్ని అని ఉంటాయి. ఇంగ్లిష్ కాక వేరే భాష వస్తే దానికీ పాయింట్లు ఇవ్వొచ్చని రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఆ జాబితాలో స్పానిష్, అరబిక్, తగాలోగ్‌లతో పాటు భారత ఉపఖండపు భాషలు అని రాసి ఉంటుంది. అంటే మన తెలుగు కూడా వస్తుంది. రుజువుగా ఏం చూపించాలో కాలేజీని బట్టి మారుతుంది గనక ముందే కౌన్సిలర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇంటర్ మార్కుల మెమో పారెయ్యకండి.

ఎల్‌వీఎన్‌లను చాలా కాలేజీలు రెండో ఏడాదిలోకి తీసుకుంటాయి, అదీ ఖాళీలుంటేనే. మొదటి ఏడాది నుంచి ఎవరైనా తప్పుకుంటేనో, ఫెయిలైతేనో మనకు చోటు. ఒకరి కష్టంమీద మన ఆశ నిలబడి ఉండటం మనసుకు ఇబ్బందిగానే ఉంటుంది గానీ చేసేదేం లేదు. సీటు ఇస్తున్నామని ఉత్తరం వచ్చాక కాగితాల పని మొదలు. వేలిముద్రలు, డ్రగ్ టెస్ట్, సీపీఆర్ కార్డు, టీకాల రుజువులు. మనవాళ్లకు టీబీ పరీక్ష దగ్గర ఓ చిక్కుంది. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న కొందరికి చర్మంమీద చేసే పరీక్ష వాచి, జబ్బు లేకపోయినా పాజిటివ్ అనిపిస్తుంది. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్షకు బీసీజీతో సంబంధం లేదు. నేను అదే చేయించుకుంటానని ముందే అడిగాను. లేకపోతే ఎక్స్‌రేల చుట్టూ తిరగాల్సి వచ్చేది.

క్లాసులో మాకు ముందు ఎల్‌వీఎన్‌లను ఆర్‌ఎన్ చదువుకు సిద్ధం చేసే ట్రాన్సిషన్ కోర్సు పెట్టారు. చేతిపని మాకు వచ్చు. క్యాథెటర్ వెయ్యడం, డ్రెస్సింగ్ మార్చడం చూసి మిగతా స్టూడెంట్లు మా చుట్టూ చేరేవాళ్లు. మాకు రానిది వేరే ఉంది. ఎల్‌వీఎన్‌గా నా షిఫ్టులో ఏది తేడాగా కనిపించినా ఆర్‌ఎన్‌కు చెప్పడం నా బాధ్యత. ఆర్‌ఎన్ పరీక్షలో ఆ ఆప్షనే ఉండదు, ఎందుకంటే ఆ ఆర్‌ఎన్ మనమే.

మా క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ ఈ మార్పు తేవడానికి ఓ పద్ధతి పెట్టుకున్నారు. ఆవిడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న మనిషి. పేషెంటు చార్టు తెరిచి మా ముందు పెట్టి, మాట్లాడకుండా నిలబడేవారు. ఓరోజు పొటాషియం బాగా తక్కువగా 2.9 ఉంది, తొమ్మిదింటికి నరంలో ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీరు తీసే మందు) ఇవ్వాలని ఆర్డరుంది. ఆ మందు పొటాషియంను ఇంకా తగ్గిస్తుంది. ఇవ్వకుండా ఆపి, ముందు పేషెంటు దగ్గరికి వెళ్లి, గుండె లయ మానిటర్‌లో చూసి, కండరాల నీరసం ఉందేమో అడిగి, మెగ్నీషియం ఎంతుందో వెతికి, అప్పుడు డాక్టరుకు ఫోన్. ఫోన్లో కూడా పరిస్థితి, వెనక కథ, నేను గమనించింది, నాకు కావలసింది, ఈ వరసలోనే చెప్పాలి. "నీకు కావలసింది" దగ్గర ఆవిడ నన్ను ఆపి మళ్లీ చెప్పించేవారు. పొటాషియం ఎక్కించమని అడగాలి, దాన్ని ఎప్పుడూ సిరంజితో నేరుగా నరంలోకి తొయ్యకూడదని, చేతి నరంలో మామూలుగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటించరని తెలిసి మరీ అడగాలి. డాక్టరుకు నాకేం కావాలో చెప్పడమా అని మొదట్లో గొంతు పెగిలేది కాదు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగాం కదా.

ఉద్యోగం వారాంతాలకు కుదించుకున్నాను. పిల్లాణ్ని స్కూలు నుంచి తేవడం, వంట మా ఆయన చూసుకున్నారు. ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు తప్ప వేరేవి తిన్న గుర్తు లేదు.

చివర్లో ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. ఫీజు 200 డాలర్లు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. పేషెంటు కథ మొత్తం ఇచ్చి వరసగా ప్రశ్నలు అడుగుతారు. 85 నుంచి 150 ప్రశ్నల మధ్య కంప్యూటరు ఎక్కడైనా ఆగిపోవచ్చు, గరిష్ఠంగా ఐదు గంటలు. నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి దగ్గరికి వెళ్తావన్న రకం ప్రశ్నలు నాకు ఎక్కువగా తగిలాయి. చార్టు ముందు నిలబెట్టిన ఆ రోజులు అక్కడ అక్కరకొచ్చాయి. లైసెన్సులిచ్చే నర్సింగ్ బోర్డు వెబ్‌సైట్ బ్రీజ్‌లో నా పేరు పక్కన ఆర్‌ఎన్ నంబరు కనిపించాక మొదట అమ్మకు ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజాము అని కూడా చూసుకోలేదు.

ఇప్పుడు ఒక ఆసుపత్రిలో మెడ్-సర్జ్ (మెడికల్-సర్జికల్) వార్డు, రాత్రి షిఫ్టు. ఈ రాష్ట్ర చట్టం ప్రకారం ఈ వార్డులో ఒక నర్సుకు ఐదుగురికి మించి పేషెంట్లను ఇవ్వకూడదు. ఒక్కరే అంతకన్నా ఎక్కువమందిని చూసుకునే నర్సింగ్ ఫెసిలిటీ నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఆ అంకె నాకు విడ్డూరంగానే తోచింది. అయితే చదువు అయిపోలేదు. మేముండే బే ఏరియాలో చాలా ఆసుపత్రులు బీఎస్ఎన్, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ అడుగుతున్నాయి. ఆ డిగ్రీని కమ్యూనిటీ కాలేజీలే ఇచ్చేలా తెచ్చిన బిల్లును 2024లో గవర్నర్ వీటో చేశారు. అందుకని ఒక స్టేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్‌గా చేరాను, 46 డాలర్ల యూనిట్లు ఇక ఉండవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏడీఎన్ (నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ) చదువుతుండగానే బీఎస్ఎన్ క్లాసులు కూడా తీసుకోనిచ్చే ఏర్పాటు మీ కాలేజీకి ఉందేమో మొదటి సెమిస్టర్‌లోనే అడగండి.