తొండం లేని సబ్బు ఏనుగు

పిల్లల్ని మొదటిసారి తాజ్‌మహల్‌కి తీసుకెళ్లినప్పుడు నేను పరీక్షకి చదివినట్టు చదువుకుని వెళ్లాను. ఎవరు కట్టించారు, ఎన్నేళ్లు పట్టింది, రాయి ఎక్కడినుంచి వచ్చింది, అన్నీ కాగితం మీద రాసుకుని మరీ. పెద్ద దర్వాజా దగ్గర ఇద్దర్నీ నిలబెట్టి మొదలుపెట్టాను. రెండో వాక్యానికే చిన్నోడు చెప్పు విప్పి అందులోని ఇసుక దులుపుకోవడం మొదలెట్టాడు. వాడికప్పుడు నాలుగేళ్లు. తొమ్మిదేళ్ల పెద్దది నా మొహం కూడా చూడకుండా వెనక్కి వెనక్కి నడుస్తోంది.

"ఎక్కడికే, తప్పిపోతావ్!" అని కేకేస్తే అక్కణ్నుంచే జవాబు. "అమ్మా, వెనక్కెళ్తుంటే తాజ్‌మహల్ పెద్దదవుతోంది. ముందుకొస్తే చిన్నదైపోతోంది. నువ్వూ రా!"

వెళ్లాను. నిజమే! దర్వాజా కమాను మన కంటికి ఫొటో ఫ్రేములాంటిది. మనం వెనక్కి జరిగేకొద్దీ దగ్గరున్న ఆ ఫ్రేము గబగబా చిన్నదవుతుంది, దూరంగా ఉన్న తాజ్ మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అందుకే ఫ్రేము నిండా అదే కనిపిస్తుంది. ముందుకొస్తే ఫ్రేము విశాలమైపోయి తాజ్ కుంచించుకుపోయినట్టు ఉంటుంది. జనం మమ్మల్ని తోసుకుంటూ, విసుక్కుంటూ పోతున్నారు. మేము ముగ్గురం మాత్రం ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉన్నాం. మా ఆయన మాకు సంబంధం లేనట్టు పక్కకి వెళ్లి నిలబడ్డారు.

నా కాగితంలో ఈ సంగతి లేదు. మినార్ల గురించి ఒక్క ముక్క ఉంది. అవి నిటారుగా ఉండవు, కొంచెం బయటికి వాలి ఉంటాయి. ఎప్పుడైనా కూలినా సమాధి మీద పడకూడదని అలా కట్టారంటారు. అదొక్కటి చెబితే పెద్దది కాసేపు ఆలోచించి, "అంటే కట్టినప్పుడే కూలిపోతుందేమోనని అనుకున్నారా?" అంది. నేను చెప్పిన పేర్లూ తేదీలూ దానికి ఒక్కటీ గుర్తులేవు కానీ, ఈ ప్రశ్న మాత్రం ఇప్పటికీ అడుగుతుంది.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఏ కట్టడానికి వెళ్లినా చరిత్ర చెప్పను. ఒకటే ప్రశ్న తీసుకెళ్తాను. అది కూడా "ఇది ఎలా నిలబడింది?" లాంటిదే.

తర్వాతి ఏడు విజయపురలో (పాత పేరు బీజాపూర్) గోల్ గుంబజ్ చూశాం. 1656లో పూర్తయిన ఆదిల్‌షాహీ సుల్తాను సమాధి. లోపల ఒక్క స్తంభం లేదు, కింద నలుచదరం గది, పైన గుండ్రటి గుమ్మటం. బయటి కొలత ప్రకారం ఆ గుమ్మటం వ్యాసం సుమారు 44 మీటర్లు. "నాలుగు మూలల డబ్బా మీద గుండ్రటి మూత ఎలా కూర్చుంది?" ఇదీ నేను తీసుకెళ్లిన ప్రశ్న.

పెద్దదాన్ని నేల మీద వెల్లకిలా పడుకుని చూడమన్నాను. తలెత్తి చూస్తే రెండు నిమిషాలకే మెడ పట్టేస్తుంది, పడుకుంటే ఎంతసేపైనా చూడొచ్చు. కాపలా ఆయన ఒకసారి అనుమానంగా చూసి ఊరుకున్నాడు. కాసేపటికి లేచి నోటుబుక్కులో ఒక చదరం గీసింది. దాని మీద ఇంకో చదరాన్ని ఏటవాలుగా తిప్పి గీసింది. ఎనిమిది కొనల నక్షత్రం వచ్చింది. మధ్యలో మిగిలింది ఎనిమిది పలకల ఆకారం, అందులో గుండ్రం ఇట్టే ఇమిడిపోయింది. పైన ఉన్నదీ అదే. ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే ఎనిమిది కమానులు చదరాన్ని మెల్లగా గుండ్రంగా మార్చి, గుమ్మటం బరువుని గోడలకి అప్పజెబుతాయి. నేను పుస్తకంలో రెండుసార్లు చదివినా సరిగ్గా అర్థంకాని విషయం అది. దాని గీతలు చూశాకే నాకూ అర్థమైంది.

ఇక చిన్నోడికి కావలసింది పైనుండే గ్యాలరీ. గుమ్మటం అడుగున చుట్టూ తిరిగే నడవా అది. ఇవతల గోడకి నోరు ఆనించి గుసగుసలాడితే, వంపు గోడ వెంట ఆ శబ్దం పాకుతూ వెళ్లి అవతలి చివర వినిపిస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. అందుకే మేము వెళ్లేసరికి అక్కడ ఓ నలభై మంది ఒకేసారి ఈలలు, కేకలు. గుసగుస కాదు కదా, పక్కనున్న మనిషి మాట కూడా వినపడలేదు. ఇరుకు మెట్లన్నీ ఎక్కి వచ్చిన చిన్నోడు ఏడుపు లంకించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, గేటు తీయగానే మళ్లీ వెళ్లాం. మా ఆయన రానన్నారు. పైన మేము ముగ్గురమే. అక్కని అవతలి వైపు కూర్చోబెట్టి, వీడు ఇటు గోడకి అతుక్కుపోయి ఏదో గొణిగాడు. పక్కనే ఉన్నా నాకు వినపడలేదు. కొన్ని క్షణాలకి అటునుంచి గుమ్మటం అదిరేలా అరుపు: "నా కంపాస్ బాక్సు విరగ్గొట్టింది నువ్వా!" ఆ "నువ్వా" మా చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. మొహం చూసి చెప్పే ధైర్యం లేక మూడు నెలలు దాచుకున్న నిజం, పాపం, గోడకి చెప్పుకున్నాడు.

రోమ్‌లో పాంథియన్ అనే పాతకాలపు గుడి గురించి ఎక్కువ చెప్పను, అక్కడ మేము గట్టిగా అరగంట కూడా లేము. పిల్లలు అప్పటికే అలిసిపోయారు. కానీ ఆ అరగంటలో చిన్నోడు పైకి కాదు, కిందికి చూస్తూ తిరిగాడు. గుమ్మటం నడినెత్తిన పెద్ద కన్నం, దానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది. మరి నీళ్లెటు పోతాయి? నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, అక్కడక్కడ చిన్న చిన్న తూములు. అవి వెతకడమే వాడి పని. పెద్దదానికి మాత్రం ఒక్క కొలత చెప్పాను. గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి ఆ కన్నం దాకా ఎత్తు కూడా అంతే. అంటే ఒక బ్రహ్మాండమైన బంతి అందులో సరిగ్గా పడుతుంది. ఆ తర్వాత పెద్దది ఆ బంతి మీద ఎక్కడ నిలబడ్డామో ఊహించుకుంటూ నడిచింది.

మధ్యలో ఒక మాట. రోజుకి రెండు కట్టడాలు పెట్టుకుంటే రెండోది దండగ. ఇది నాలుగైదుసార్లు దెబ్బతిన్నాక తెలిసింది. "ఇంత దూరం వచ్చి అది కూడా చూడకపోతే ఎలా" అనే మాట మా ఇంట్లో నిషేధం. అన్నది నేనే, నిషేధించిందీ నేనే.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఎల్లోరా. 16వ గుహ, కైలాస ఆలయం. గుహ అంటారు కానీ గుహ కాదు. కొండని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి మిగిల్చిన గుడి. 8వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో చెక్కించారంటారు. వెనకవైపు కొండని 30 మీటర్లకు పైగా లోతు తొలిచారు. ఇవన్నీ వింటే పిల్లలు "ఓహో" అని ఊరుకుంటారు. అందుకే ముందురోజు రాత్రి గదిలో ఇద్దరికీ చెరో స్నానం సబ్బు, చెరో పాత చెంచా ఇచ్చాను. "దీంట్లోంచి ఏనుగుని తీయండి. అతికించడం ఉండదు. తీసేయడమే."

మొదట నవ్వులు. పావుగంటకి గది నిశ్శబ్దం. పెద్దది కాళ్లతో మొదలుపెట్టి, కాళ్ల మధ్య సబ్బు తీస్తుంటే ఒక కాలు ఊడిపోయింది. "పైనుంచి మొదలుపెట్టాల్సింది" అని తనలో తనే గొణుక్కుంది. నేను నోరు మెదపలేదు, ఎంత కష్టమైందో చెప్పలేను. చిన్నోడి ఏనుగుకి తొండం విరిగింది. జిగురు కావాలన్నాడు. లేదన్నాను. పెద్ద గొడవ. మంచం మీద, నేల మీద అంతా సబ్బు పొడి. మర్నాడు గది ఊడ్చడానికి వచ్చినామెకి క్షమాపణ చెప్పుకున్నాను.

పొద్దున గుడి లోపలికి నేరుగా వెళ్లకుండా ముందు పక్కదారిన కొండెక్కి పైనుంచి చూశాం. పైనుంచి చూస్తేనే అది ఒకే రాయి అని నమ్మకం కుదురుతుంది. మండపం కప్పు మీద చెక్కిన పద్మం, చుట్టూ నాలుగు సింహాలు. కింద జనం చీమల్లా. "ముందు చెక్కింది అదేనా?" అని సింహాలని చూపించింది పెద్దది. కిందికి దిగాక గుడి పీఠం చుట్టూ వరసగా ఏనుగులు, మొత్తం గుడిని వీపు మీద మోస్తున్నట్టు. పెద్దది వాటి కాళ్ల మధ్య సందుల్ని దగ్గరగా చూస్తూ, మాట్లాడకుండా ఒక్కో ఏనుగునీ దాటింది.

చిన్నోడు ముంగిట్లో విడిగా నిలబడ్డ పెద్ద ఏనుగు ముందు ఆగిపోయాడు. కదలడు. ఏమైందిరా అని వెళ్లి చూస్తే, ఆ రాతి ఏనుగుకి తొండం విరిగిపోయి ఉంది.

వాడి సబ్బు ఏనుగు ఇప్పటికీ మా పుస్తకాల అర మీద ఉంది. ఎండి బీటలు వారింది. ఎవరూ వాడకూడదట. ఇంటికొచ్చినవాళ్లు "ఇదేంటి, పందా?" అంటే వాడికి ఒళ్లు మండిపోతుంది.

"ఏనుగు. అక్కడున్నదానికీ తొండం లేదు, కావాలంటే వెళ్లి చూసుకోండి."